అన్న కొట్టవలసిన గోలు

రాళ్ళదిన్నె మిషన్ బడి మైదానంలో గోలుపోస్టులు ఇనుపవీ కావు, కర్రవీ కావు. రెండు పొడుగాటి నాపరాళ్ళు నేలలో పాతి, వాటి మీద అడ్డంగా వెదురుబొంగు కట్టారు. చుట్టుపక్కలంతా రాతి పాలిష్ ఫ్యాక్టరీలే కాబట్టి ఆ ఊళ్ళో ఇంటి కప్పూ నాపరాయే, బట్టలుతికే బండా నాపరాయే, చచ్చినాక తల దగ్గర నిలబెట్టేదీ నాపరాయే. ఆ రెండు రాళ్ళ మధ్య నిలబడి ఆట నేర్చుకున్న వసంతకుమార్ గోవాలోనూ కోల్‌కతాలోనూ పెద్ద క్లబ్బులకు గోల్‌కీపరుగా ఆడాడు. మోకాలు ఇక చాలు అన్నాక పోయినేడు ఇంటికి వచ్చి, రోజూ పొద్దున బడి ఆడపిల్లలకు ఆట నేర్పిస్తున్నాడు.

ఆ గురువారం గోలులో క్రిస్టినాను నిలబెట్టాడు. తొమ్మిదో తరగతి పిల్ల, పొడుగు చేతులు, ఎవరికీ జంకని మొహం. కుడివైపు కిందికి ఒక బంతి తన్నాడు. అందే బంతే. క్రిస్టినా ఒంగింది, చెయ్యి చాపింది, మళ్ళీ వెనక్కి తీసేసుకుంది. బంతి లోపలికి పోయింది.

"ఏంటికి వదిల్నావు?" అన్నాడు.

"కింద పెచ్చులుండాయి సార్. మొన్న పడితే ఈడ కోసుకపోయింది," అని మోచెయ్యి చూపించింది.

వసంతకుమార్ ఆ గాటు చూశాడు. చేతికందే బంతిని వదలకూడదని రోజూ చెప్పేది తనే. కాని మైదానంలో సగం మేర నాపరాళ్ళ దొంతరలు. ఎప్పుడో వారం రోజులకని దింపినవి, ఏళ్ళు గడిచినా అక్కడే కాపురం ఉన్నాయి. లారీల్లోకి ఎక్కించేటప్పుడూ దింపేటప్పుడూ అంచులు విరిగి, బ్లేడు లాంటి పెచ్చులు మిగిలిన సగంలోకి చెదిరిపోతాయి. పొద్దున్నే పిల్లలు బకెట్లకొద్దీ ఏరి పారబోస్తారు, సాయంత్రానికి మళ్ళీ పుట్టుకొస్తాయి. ఆ రాళ్ళు తీయించమని వసంతకుమార్ ఎక్కని గడప లేదు. ప్రతి గడపలోనూ ఎవరివి ఆ రాళ్ళు అని అడిగేవారు. పేరు చెప్పగానే మాట మారిపోయేది, టీ వచ్చేది.

ఆ పేరుగల మనిషి సరిగ్గా అప్పుడే స్కూటర్ దిగి వచ్చాడు. లక్ష్మీనరసయ్యకు టౌనులో సిమెంటు, ఇనుము, నాపరాళ్ళ వ్యాపారం. పార్టీకి మండల అధ్యక్షుడు కూడా. చెడ్డవాడు అనడానికి లేదు. ఎవరింట్లో పెళ్ళైనా చావైనా ముందుంటాడు, రాళ్ళ సంగతి తప్ప ఏది అడిగినా కాదనడు. వసంతకుమార్‌ను రాజకీయాల్లోకి లాగింది కూడా ఆయనే. 'ఎమ్మెల్యేవైనాక నువ్వు చెప్తే తీయనా వసంతూ?' అని మనస్ఫూర్తిగానే అన్నాడు. ఎమ్మెల్యే కానివాడు చెబితే తీయడం మాత్రం ఆయన శాస్త్రంలో లేదు. ఆ ఒక్క మాట కోసమే వసంతకుమార్ ఎన్నికలకు సరేనన్నాడు.

"పని అయిపోయిందప్పా. శనివారం సాయంత్రం తేజేశ్వరన్న ఈడికే వస్తాండాడు," అన్నాడు లక్ష్మీనరసయ్య.

తేజేశ్వర్ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు. అరవై దాటినవాడు. ఆయనకంటే పెద్దవాళ్ళు కూడా ఆయన్ను అన్న అనే పిలుస్తారు.

"అహోబిలంలో దర్శనం చేసుకోని, ఇట్లొచ్చి నీకు కండువా కప్పుతాడు. వచ్చే వారం పేర్లు చదువుతారు. టికెట్టు నీదే అనుకో. ఒగ చిన్న పనుండాది."

"చెప్పన్నా."

"కండువాకు ముందు అన్న బాలు తన్నుతాడు. నువ్వు గోలులో ఉంటావు. నువ్వు ఈ పక్కకు దూకు, బాలు ఆ పక్కన పోతాది. గోలు. జనం ఈలలు. వీడియో తీసేకి కర్నూలు నుంచి మనుషులొస్తాండారు."

వసంతకుమార్ నవ్వాడు. తర్వాత, అది ఎగతాళి కాదని అర్థమై నవ్వు ఆపేశాడు.

"ఆపితే ఏమైతాది?"

లక్ష్మీనరసయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "పోయినసారి ఒగ ఊర్లో కబడ్డీ ఆడిచ్చినారు. ఎవుడో పిల్లోడు అన్న కాలు పట్టుకున్యాడు. వాడు ఇప్పుడు పార్టీలో యాడుండాడో ఎవురికీ తెలీదు."

*

ఒక గోలు. లెక్కలేనన్ని గోలులు తిన్న మనిషికి ఇంకొక గోలు బరువా? ఆ పగలంతా వసంతకుమార్ తనకు తాను చెప్పుకున్న మాట అదే. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తల్లి వరమ్మ ఫ్యాక్టరీ నుంచి అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. పాలిష్ మిషను కింద రాయికి నీళ్ళు పట్టడం ఆమె పని. మోకాళ్ళ దాకా తెల్లటి రాతి బురద పట్టి, ఎండి, చర్మం మీదే పెళుసుగా విరుగుతుంది. కొడుకు సంపాదించినన్నాళ్ళూ మానెయ్యమన్నా మానలేదు. ఇంట్లో కూర్చుంటే ఎవరితో మాట్లాడాలని అడిగేది.

సంగతంతా విని ఆమె కాళ్ళు కడుక్కోవడం ఆపి పకపకా నవ్వింది.

"దానికేం రా, పెద్దమనిషి ముచ్చట పడినాడు. ఒగటి కొట్టుకోనీ. పిల్లోల్లకు గ్రౌండు వస్తాది."

"వదిలేకి రాదమ్మా నాకు. చెయ్యి పోతాది."

"యాడికి పోతాది?"

"బాలు కాడికి."

వరమ్మ చీర కొంగుకు చేతులు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళి ఉల్లిపాయల బుట్టలోంచి చాటనిండా ఎర్రగడ్డలు తెచ్చింది. అరుగు మీద కూర్చుని, కొడుకును గోడకు ఆనించి నిలబెట్టింది.

"నేను ఇసురుతా. నువ్వు పట్టుకోవద్దు. అంతే పని."

మొదటి ఎర్రగడ్డ అతని ఎడమ చేతిలోకి వెళ్ళి కూర్చుంది. రెండోది కుడి చేతిలోకి. చేతులు కట్టుకోమంటే కట్టుకున్నాడు. మూడోదాన్ని మోకాలితో ఆపాడు. చేతులు వెనక్కి పెట్టి, కాళ్ళు దగ్గరికి చేర్చి నిలబడితే నాలుగోది గడ్డం కింద ఇరుక్కుంది. అది ఎప్పుడు ఇరికించాడో అతనికే తెలియదు. పక్కింటి నాగక్క గోడ మీదుగా తల పెట్టి చూస్తూ, తల్లీకొడుకులకు ఏమైందోనని మొదట కంగారు పడింది. తర్వాత తానూ రెండు ఎర్రగడ్డలు విసిరింది. అవీ నేల మీద పడలేదు.

"పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఇదే," అంది వరమ్మ. నవ్వి నవ్వి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఒగ ఎర్రగడ్డ వదిలేకి చేత కాదు, వీడు రాజకీయం చేస్తాడంట."

మందు మాత్రం వరమ్మే కనిపెట్టింది. కళ్ళు మూసుకోమంది. కళ్ళు మూసుకుని కుడిపక్కకు ఒక్క దూకు దూకితే, ఎర్రగడ్డ ఎడమపక్క గోడకు తగిలి హాయిగా కింద పడింది. ఇంటిల్లిపాదీ పండగ చేసుకున్నంత పనైంది. ఆ పూట కూరలో సొట్టలు పడిన ఎర్రగడ్డలే.

శుక్రవారం మైదానంలో లక్ష్మీనరసయ్య స్వయంగా అన్న వేషం కట్టి బంతి తన్నాడు. వసంతకుమార్ కళ్ళు మూసుకుని కుడివైపు దూకాడు. బంతి ఎడమవైపు గోలులోకి పోయింది. యాభై ఏళ్ళ జీవితంలో మొదటి గోలు కొట్టిన లక్ష్మీనరసయ్య మొహం వెలిగిపోయింది. సరిచూసుకోవాలని ఇంకొకటి తన్నాడు. ఆ తర్వాత ఊరికే ఇంకొన్ని తన్నాడు. స్కూటర్ ఎక్కబోయి మళ్ళీ వెనక్కి వచ్చి ఆఖరుకని ఒకటి తన్నాడు.

గోలు వెనక కూర్చుని చూస్తున్న క్రిస్టినా ఏమీ అడగలేదు. అడిగి ఉంటే వసంతకుమార్‌కు బాగుండేది. ఏదో ఒకటి చెప్పేవాడు.

*

శనివారం మధ్యాహ్నానికి మైదానం పెళ్ళివారిల్లయింది. షామియానా, మైకు, డప్పులు, మంచినీళ్ళ ట్యాంకరు. గీతలు గీయడానికి తెచ్చిన సున్నం సగంలో అయిపోతే ఊరి ఆడవాళ్ళు ముగ్గుపిండి డబ్బాలు పట్టుకుని దిగారు. వాళ్ళు గీసిన గీతలు తాడు పట్టి గీసినట్టు వచ్చాయి. బంతి పెట్టేచోట ఒక చుక్క పెట్టమని వసంతకుమార్ చెబితే, ఒట్టి చుక్క ఏం బాగుంటుందని నాగక్క దాని చుట్టూ రేకులు తిప్పి, రేకుల చుట్టూ తీగలు తిప్పి, మనిషి పడుకున్నంత పువ్వు వేసింది.

రాళ్ళ దొంతరలకు ముందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా లక్ష్మీనరసయ్య ఫ్లెక్సీలు కట్టించాడు. అన్న దండం పెడుతున్నవి, అన్న చెయ్యి ఊపుతున్నవి. గోలుకు ఎడమపక్క ఉన్న పెద్ద దొంతరకు అన్నిటికంటే పెద్ద ఫ్లెక్సీ, నిండా నవ్వుతున్న అన్న మొహం. ఆ పూట మైదానంలో గోలుపోస్టులు తప్ప వేరే రాయి కనబడలేదు.

అన్న పొద్దు వాలే వేళకు వచ్చాడు. తెల్ల పంచె, తోలు చెప్పులు, నుదుట తిరుమణి నామం. దండలు అయ్యాయి, దండాలు అయ్యాయి. పళ్ళెంలో ఊదారంగు కండువా మడతపెట్టి సిద్ధంగా ఉంది. లక్ష్మీనరసయ్య మైకు అందుకుని, మన అన్నకు రాని ఆట లేదని చెబుతుండగానే అన్న బంతి దగ్గరికి నడిచి, పువ్వు చూసి ఆగిపోయాడు.

"ఎవురేసినారమ్మా ఇది? బో బాగుండాది. తొక్కేకి మనసొప్పదు," అన్నాడు.

నాగక్క సిగ్గుతో వరమ్మ వెనక్కి వెళ్ళింది. ముగ్గును తొక్కే అలవాటు ఆ నేల మీద పుట్టిన ఎవరికీ లేదు. అన్న పంచె ఎగ్గట్టి, రేకుల మీద కాలు పడకుండా పక్కనుంచి చాలా దూరం సాచి తన్నాడు. వసంతకుమార్ నేర్చుకున్న పాఠం ప్రకారం కళ్ళు మూసుకుని కుడివైపు దూకాడు. గాలిలో ఉండగానే రెండు చేతుల్లోకి ఏదో మెత్తగా వచ్చి చేరింది. కళ్ళు తెరిస్తే బంతి. అటు ఎడమవైపు, బంతి పోవలసిన చోటికి, అన్న కుడికాలి చెప్పు ఎగిరి వచ్చి గోలు లోపల పడింది.

డప్పులవాళ్ళు కొట్టాలో మానాలో తెలియక లక్ష్మీనరసయ్య వైపు చూశారు. ఆయన మైకు ఆపేసి నేల చూస్తున్నాడు. చెప్పు గోలైనట్టా కానట్టా అని ఎవరో పిల్లవాడు అడిగితే వాళ్ళమ్మ వాడి నోరు మూసింది.

వరమ్మకు మాత్రం ఆ మనిషిని చూస్తే పాపమనిపించింది. ఒంటికాలి చెప్పుతో నిలబడి ఏం చేయాలో తోచక నవ్వుతున్నాడు. "అన్నా, చెప్పులిడ్సి తన్నప్పా. చెప్పులతో ఎవురికి మాత్రం వస్తాది," అని గట్టిగానే అనేసింది.

చుట్టూ ఉన్న కండువాలన్నీ ఆమె వైపు తిరిగాయి. అన్న మాత్రం చిన్నపిల్లవాడిలా తలూపి రెండో చెప్పు విడిచాడు. బంతిని పువ్వు మీంచి తీయించి పక్కన పెట్టించాడు. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పరుగెత్తి వచ్చి, ఈసారి నిజంగా తన్నాడు.

మంచి దెబ్బ. వసంతకుమార్ కళ్ళు మూసుకోవడం మరిచిపోయాడు. ఆ కాలు కదలడం చూశాడు, బంతి ఎడమవైపు కిందికి, పోస్టు పక్కకు వస్తోందని చూశాడు, కుడివైపు దూకాలని కూడా గుర్తుంది. ఎదురుగా జనంలో నిలబడ్డ క్రిస్టినా కూడా కనిపించింది. అంతే, ఎడమవైపు దూకాడు. వేళ్ళ చివరలతో బంతిని పక్కకు నెట్టాడు. అది పోస్టును ఒరుసుకుంటూ వెళ్ళి, నవ్వుతున్న అన్న మొహాన్ని ముక్కు మీద కొట్టింది. ఫ్లెక్సీ లోపలినుంచి ఠంగుమని రాతి చప్పుడు వచ్చింది. అదే క్షణంలో అన్న "అబ్బా" అని కాలు పట్టుకుని కూలబడ్డాడు.

అందరూ పరుగెత్తారు. అరికాల్లో రాతిపెచ్చు దిగింది. ఎవరికి వాళ్ళు డాక్టరనీ కారనీ కేకలు వేస్తున్నారు. వరమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, అన్న కాలు తన ఒళ్ళో పెట్టుకుని, గోటితో పెచ్చు లాగేసింది. ఫ్యాక్టరీలో వారానికొకరికి చేసే పనే అది. కట్టు కట్టడానికి గుడ్డ కోసం చెయ్యి చాపితే, ఎవరో కంగారులో పళ్ళెంలో ఉన్న కండువా అందించారు. ఆమె దానితోనే బిగించి కట్టింది.

అన్న ఆ పెచ్చును చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. తర్వాత ఫ్లెక్సీ వైపు చూశాడు.

"నా మొగం ఎనకాల ఏముండాది?" అన్నాడు.

అన్న "తీయండప్పా" అంటే తీశారు. మనిషెత్తు నాపరాళ్ళ దొంతరలు బయటపడ్డాయి.

"బడి గ్రౌండులో ఎవురివి ఈ రాళ్ళు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు లక్ష్మీనరసయ్య చెయ్యి భుజం మీది కండువా సర్దుకుంది. అన్న అది చూశాడు. వసంతకుమార్ వైపు తిరిగాడు.

"నువ్వు పొరపాటున ఆపినావా, కావాలని ఆపినావా?"

"పొరపాటునే అన్నా, పిల్లోడు," అని లక్ష్మీనరసయ్య అందుకున్నాడు.

ఆ ఒక్క మాటకు తల ఊపితే చాలు. టికెట్టు, మైదానం, అన్నీ ఇంకా చేతికందే దూరంలోనే ఉన్నాయి. వసంతకుమార్ గ్లౌజులు విప్పి చేత పట్టుకున్నాడు.

"మొదటిది పొరపాటే అన్నా. వదులుదామని దూకితే చేతికొచ్చి పడింది. రెండోది చూసే ఆపితి."

"వదులుదామనుకుంటివా?" అన్న గొంతు తగ్గింది. "నేను తన్నేది వదలల్లని ముందే అనుకున్యారా?"

వసంతకుమార్ ఎవరి పేరూ చెప్పలేదు. అన్న లేచాడు. ఒకరు చెప్పులు అందించారు, ఇద్దరు రెక్కలు పట్టుకున్నారు. కాలికి ఊదారంగు కట్టుతో కుంటుతూ వెళ్ళి కారెక్కాడు. కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాయి. కండువా పళ్ళెం ఖాళీగా బల్ల మీద ఉండిపోయింది.

*

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు దావీదురాజు వసంతకుమార్ చెయ్యి పట్టుకుని, దేవుని చిత్తం అన్నాడు. ఊళ్ళో చాలామంది అదే సంగతిని ఇంకో రకంగా అన్నారు. చేతికొచ్చిన టికెట్టును చేత్తోనే తోసేశాడన్నారు. నిజానికి ఎవరికీ కోపం లేదు. చెప్పు ఎగిరిన సంగతి తలుచుకుని ఆ వారమంతా పొట్టలు పట్టుకున్నారు. వీడియో తీసినవాళ్ళు ఎంత దాచినా అది సాయంత్రానికి కడప దాటింది.

సోమవారం పొద్దున లారీలు వచ్చాయి. లక్ష్మీనరసయ్య గొడుగు కింద నిలబడి, రాళ్ళన్నీ ఎక్కించేదాకా కదల్లేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఎండ నెత్తికెక్కాక వరమ్మ మజ్జిగ తీసుకెళ్ళి ఇచ్చింది. గ్లాసు ఖాళీ చేశాక ఆయనకు మాట వచ్చింది.

"రాత్రే ఫోను చేపిచ్చినాడమ్మా అన్న. ఒగ పెచ్చు గూడా ఉండగూడదంట." అని వసంతకుమార్ వైపు తిరిగాడు. "ఎమ్మెల్యే అయినాక తీస్తానంటి గదప్పా. కాకముందే తీయిస్తివి. ఇంగ ఎమ్మెల్యే ఏంటికి నీకు?"

వసంతకుమార్ నవ్వాడు. మైదానం పూర్తిగా వచ్చింది. పిల్లలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఊరికే పరుగెత్తుతున్నారు. చీపుర్లు, చాటలు తెచ్చి ఆడవాళ్ళు పెచ్చులు ఊడ్చిపోస్తున్నారు. ఇంతకంటే ఏం కావాలి? అయినా లోపల ఎక్కడో చివుక్కుమంది. కావాలనుకున్నది దొరికాక తెలిసింది, ఇంకా ఏవేవో కావాలనుకోవడం అప్పటికే మొదలుపెట్టాడని. తల్లి పనిచేసే ఫ్యాక్టరీలో రాతి దుమ్ముకు దగ్గేవాళ్ళ సంగతి ఒకటి. ఆశ పుట్టిన మాట నిజం. ఆ రాత్రి తల్లికి ఆ మాటే చెప్పాడు.

"పుట్టనీలే," అంది వరమ్మ. "పుట్టినదాన్ని ఏం చేస్తాం."

గురువారం తెల్లవారుతుండగా ఒక్క కారు వచ్చి మైదానం పక్కన ఆగింది. వెనక ముందు ఇంకో కారు లేదు. అన్న దిగాడు. పంచె లేదు. ప్యాంటు, కాళ్ళకు పెట్టెలోంచి అప్పుడే తీసిన తెల్ల క్యాన్వాసు బూట్లు. కుడికాలు ఇంకా కొంచెం ఈడుస్తున్నాడు.

"ఎడమ కాలికి ఏం కాలేదు గదప్పా," అన్నాడు వసంతకుమార్‌తో. "నిలబడు. వదిలితే మర్యాదుండదు."

వసంతకుమార్ గ్లౌజులు బిగించుకున్నాడు. అన్న తన్నాడు, అతను ఆపాడు. మళ్ళీ తన్నాడు, మళ్ళీ ఆపాడు. క్రిస్టినా పరుగెత్తి బంతి తెచ్చి ఇస్తూ, వేళ్ళతో కాదు సార్, కాలి పక్కతో తన్నండి అని నేర్పసాగింది. అన్న బుద్ధిగా విన్నాడు. చొక్కా తడిసిపోయింది. ఊపిరి అందక మధ్యలో ఒకసారి మోకాళ్ళ మీద చేతులు పెట్టి నిలబడ్డాడు.

"మా ఇంట్లో క్యారమ్స్ ఆడితే మా మనుమడు నన్నే గెలిపిస్తాడు," అన్నాడు రొప్పుతూ. "ఎనిమిదేండ్లోడు. వానికి ఎవురు నేర్పిచ్చినారో."

పొద్దెక్కింది. ఫ్యాక్టరీకి పోయే ఆడవాళ్ళు సద్ది క్యారియర్లతో ఆగి గీత పొడుగునా నిలబడ్డారు. వరమ్మ కూడా ఉంది. పనికి ఆలస్యమవుతోందని ఎవరికీ గుర్తు లేదు. అప్పుడు అన్న తన్నిన బంతి కిందికి, కుడివైపుకు వచ్చింది. వసంతకుమార్ ఒళ్ళంతా సాచి దూకాడు. వేలి కొనకు తగిలింది కూడా. కాని అది నాపరాతి పోస్టు లోపలి అంచుకు కొట్టుకుని, దిశ మార్చుకుని, మెల్లగా దొర్లుకుంటూ గీత దాటి లోపలికి పోయింది.

ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. అన్న కదల్లేదు. ఆయన మొహంలో సంతోషం వచ్చి, గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"వదిల్నావా?" అన్నాడు.

"లేదన్నా. రాయికి తగిలి తిరిగింది."

అన్న అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. లేదన్నా, నిజమన్నా అనే మొహాలను ఆయన జీవితంలో ఎన్ని చూశాడో. ఆ చూపు వసంతకుమార్‌ను వదిలి, గీత దగ్గర క్యారియర్ పట్టుకుని నిలబడ్డ వరమ్మ దగ్గర ఆగింది.

"అమ్మా, నువ్వు చెప్పు. నీ కొడుకు వదిల్నాడా?"

వరమ్మ క్యారియర్ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది.

"వాడు వదిలే మనిషైతే శనివారమే నీ టికెట్టు వచ్చింటాండె గదన్నా," అంది.

ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అన్న ఆ మాటను లోపల ఒకసారి తిప్పుకున్నాడు. తర్వాత రెండు చేతులూ పైకెత్తాడు. కుంటుకుంటూనే మైదానం చుట్టూ పరుగు మొదలుపెట్టాడు. క్రిస్టినా వెంట పడింది, ఆమె వెంట మిగతా పిల్లలు పడ్డారు. రాళ్ళ దొంతరలు ఉన్న చోటు మీదుగా, చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చారు. వసంతకుమార్ గోలులో కూర్చుని, తిన్న గోలుకు ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదే అని ఆశ్చర్యపోయాడు.

రొప్పుతూ వచ్చిన అన్న కారులోంచి ఒక కండువా తీశాడు. ఉతికి ఇస్త్రీ చేసిన ఊదారంగు కండువా, ఒక మూల గోధుమరంగు మరక. దాన్ని వసంతకుమార్ భుజం మీద వేసి, మరక వైపు మడత లోపలికి పోయేలా సర్దబోయాడు. పోలేదు.

"ఉతికినారు గానీ ఇది పోలేదప్పా."

"నాపరాయి గాటు కదన్నా, పోదు," అంది వరమ్మ. "ఉండనీ."

"సోమవారం నామినేషన్. రేపు పేర్లు చదువుతారు," అన్నాడు అన్న వసంతకుమార్‌తో, మామూలు మాట చెప్పినట్టు. అప్పటికే జేబులోంచి ఫోను తీసి ఇంటికి కలుపుతున్నాడు. అటు మోగుతుండగా ఫోనును వరమ్మ ముందుకు చాపాడు.

"మా ఆడమనిషి. నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్పమ్మా."

వరమ్మ క్యారియర్ కింద పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోను అందుకుంది.

"వందనాలు తల్లీ," అంది. "ఔ, గోలే. నిలబడింది నా కొడుకే."